ఊపని జెండా

వంటింటి బల్ల దగ్గర్నుంచి
జూన్ 9

అన్నయ్యకి,

నీతో ఫోన్లో అరిచీ అరిచీ నా గొంతు పోయింది. మనిద్దరం పోట్లాడుకుంటున్నాం అనుకుని పక్కింటావిడ తలుపు కొట్టి మరీ అడిగింది. ముప్పై ఏళ్ళు గూడ్సు డ్రైవరుగా ఇంజనులో కూర్చుని చెవులు దానికే అప్పగించి వచ్చావు కనక ఇకమీదట ఉత్తరాలే. కళ్ళు ఇంకా మిగిలున్నాయి కదా, వాటికి పని పెడతాను.

సంగతేమిటంటే, మా ఇంట్లో కొండ మొలిచింది.

మీ బావగారు రిటైరై ఏడాది అయిందా, ఆ ఏడాదీ ఒకే కుర్చీలో కూర్చుని ఒకే పేపరు రెండేసి సార్లు చదివారు. మార్చిలో ఒకరోజు ఉన్నట్టుండి లేచి పైగదిలో ట్రంకుపెట్టెలన్నీ కిందికి దింపేశారు. ఇప్పుడు గది మధ్యన పెద్ద బల్ల మీద కొండే. రెండు సొరంగాలు, ఒక వంతెన, అడుగున ఒక స్టేషను, పైన బొగ్గుగని పక్కన ఇంకో స్టేషను. ఇంజను నా అరచేతిలో పడుతుంది, వ్యాగన్ వేలంత. ఎవరైనా వస్తే మొదట నవ్వుతారు, తరవాత వంగి చూస్తారు, ఆ తరవాత ఎంతసేపటికీ వెళ్ళరు.

కొండ కట్టింది ఆయనే అయినా సున్నం నాది. మా లాబులో పళ్ళ సెట్లకి అచ్చులు పోసే ప్లాస్టరు ఉంటుంది చూడు, పని అయిపోయాక పారేసే పాత అచ్చులన్నీ మోసుకొచ్చాను. పై సొరంగం పక్కనున్న రాళ్ళ వరస జాగ్రత్తగా చూస్తే ఎవరివో కింది దవడపళ్ళు. ఆ మనిషి ఎవరోగానీ కొండంత మనిషయ్యాడు.

ఇక నా ప్రశ్న. పద్నాలుగు వ్యాగన్ల బండి కొండ ఎక్కుతుంటే మూడో వంపు దగ్గర ముందువైపు వ్యాగన్లు లోపలికి ఒరిగి పడిపోతున్నాయి. నేను చేత్తో తీసి మళ్ళీ పట్టాల మీద పెడుతున్నాను. పది వ్యాగన్లలో బొగ్గు నింపాను, ఊడిపోకుండా జిగురు పెట్టి మరీ అంటించాను. నాలుగు ఖాళీవి ముందు కట్టాం. ఆయన గార్డుగా బతుకంతా బండి చివరి పెట్టెలో గడిపినవారు, ముందు ఏం జరుగుతుందో ఆయనకేం తెలుసు? తెలిసినవాడివి నువ్వు. నిన్ను అడగరు. అందుకని నేను అడుగుతున్నాను. ఇది నా ప్రశ్నే, ఆయనది కాదు. నేను రాస్తుంటే చూడనట్టు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

మీరిద్దరూ మాట్లాడుకుని పన్నెండేళ్ళయింది. మీ బండి కొండ దిగుతూ అదుపు తప్పి, అలాంటి బండ్లని ఆపడానికి వేసిన ఇసక దారిలోకి పోయిన రోజునుంచి. గార్డు తప్పని రాశారు, ఆయన ఒప్పుకున్నారు, పార్సిలు ఆఫీసులో ముద్రలు వేసుకుంటూ రిటైరయ్యారు. ఆయన పొరపాటు వల్ల నీ బండి పోయిందని నీ కోపం, అంతేనా? ఇంక చాలు అన్నయ్యా. ఇప్పుడు ఆయన బండి కూడా పడిపోతోంది, లెక్క సరిపోయింది.

వదినని అడిగానని చెప్పు.

నీ చెల్లెలు


మూడో అంతస్తు బాల్కనీనుంచి
జూన్ 24

పిడుగమ్మకి,

నీ ఉత్తరం చదివి నవ్వాను. మీ వదిన కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది.

మీ కొండమీద బొగ్గు పైకెళ్ళి, అక్కడ గని చూసుకుని, మళ్ళీ బొగ్గుగానే కిందికి వస్తుందన్నమాట. షికారుకి వెళ్ళిందా? గని పైన ఉంటే వ్యాగన్లు ఖాళీగా ఎక్కాలి, నిండుగా దిగాలి. అది మీ ఆయనకి తెలియకపోవడం ఏమిటి, కళ్ళు మూసుకుని చెబుతాడు. నువ్వు ముచ్చటపడి జిగురు పెట్టి అంటించావు కనక నీ మొహం చూసి ఊరుకుని ఉంటాడు. ఆ మనిషి అంతే.

పడిపోవడానికి కారణం చాలా చిన్నది. తేలికవి ముందు, బరువైనవి వెనక కట్టారు. ఇంజను ముందుకి లాగుతుంది, వెనక బరువు వెనక్కి లాగుతుంది, మధ్యన ఖాళీవి తాడులాగా బిగుసుకుని వంపులో లోపలికి పడతాయి. బరువైనవి ఇంజను పక్కన కట్టి, తేలికవి వెనక్కి పంపు.

ఇంకో మాట. చేత్తో తీసి పెట్టకు. నిజం బండిలా నడవాలంటే అది మొదటి నియమం. మాకు పైనుంచి ఏ చెయ్యీ వచ్చేది కాదు. పడితే పడినట్టే, క్రేను వచ్చేదాకా ఎండలో కూర్చునేవాళ్ళం. కింది స్టేషనులో ఒక క్రేను బండి పెట్టమను. అది వెళ్ళి లేపాలి. అప్పుడు పడకుండా నడపడం వాళ్ళంతట వాళ్ళే నేర్చుకుంటారు.

అలాగే గబగబా తిప్పకండి. గూడ్సు బండి అంటే సగం కదలడం, సగం కనిపెట్టుకు ఉండడం. ప్యాసింజరు వస్తుందంటే గూడ్సు పక్కకి తప్పుకోవాల్సిందే. నువ్వు వేళకి కింది స్టేషనుకి చేరావా, వెళ్ళిపోతావు. అయిదు నిమిషాలు ఆలస్యమైందా, ప్యాసింజరు పోయి, దాని వెనక ఇంకోటి పోయి, నీకు రెండు గంటలు పక్క లైనులో కాపురం. ఆ రెండు గంటల్లో నేను ఎన్ని స్వెట్టర్లు అల్లానో మీ వదినని అడుగు.

ఇదంతా నీకు చెబుతున్నాను. ఆయనకి కాదు.

కోపం గురించి ఏదో రాశావు. నాకు ఆయన మీద కోపం లేదు. ఆ విషయం ఇంక వదిలెయ్.

అన్నయ్య


లాబులో, భోజనాల వేళ
ఆగస్టు 3

అన్నయ్యకి,

నువ్వు చెప్పినట్టే చేశాం. మూడో వంపు దాటింది! నేను చప్పట్లు కొడితే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఎవరు చెప్పారు?" అని అడగలేదు. నేనూ చెప్పలేదు. మా ఇద్దరికీ తెలిసిన విషయం మా ఇద్దరికీ తెలియనట్టు ఉండడంలో మాకు మంచి అలవాటుంది.

బొగ్గు సంగతి నిజమే. "మీకు ముందే తెలుసా?" అని నిలదీస్తే, "అంత శ్రద్ధగా అంటించావు..." అని నసిగారు. నాకు ఒళ్ళు మండింది. మూడు నెలలు నా ముందు తప్పు బండి నడిపారు, నేను నొచ్చుకుంటానని! ఇప్పుడు బొగ్గుని పలకలుగా పోశాను. పళ్ళ సెట్టులాగే పెట్టుకోవచ్చు, తీసుకోవచ్చు. పై స్టేషనులో పెడతాం, కింద తీస్తాం. మా లాబు ఓనరు చూస్తే నాకు పని పోతుందేమో, అంత బాగా కుదిరాయి.

ఆదివారాలు ఇల్లు సందడిగా ఉంటోంది. పాత స్టేషను మాస్టరుగారు వస్తున్నారు, పట్టాల దగ్గర పాయింట్లు మార్చి బండ్లని మళ్ళించే ఆయన వస్తున్నాడు. మీ కొండమీదివాళ్ళే, ఇద్దరూ రిటైరై ఇక్కడే ఉంటున్నారు. మాస్టరుగారు రిజిస్టరు పెట్టి ఏ బండి ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి పోయింది రాస్తున్నారు. టీ చల్లారిపోతున్నా పట్టించుకోరు.

ఒక్కటి మాత్రం నాకు అంతుపట్టడంలేదు. బొగ్గు నింపుకున్న బండి పై స్టేషనులో పది నిమిషాలు ఆగుతుంది. ఊరికే. గోడ గడియారం చూస్తూ ఆయన బండి చివర నిలబడతారు, ఎవరూ మాట్లాడరు. పది నిమిషాలు అవగానే అగ్గిపుల్లకి కట్టిన పచ్చ గుడ్డముక్క ఎత్తి ఊపుతారు, ఎడమ చేత్తో. కుడి భుజం పైకి లేవదు కదా. ఊపి, ఆ అగ్గిపుల్ల కింద పెట్టి, బల్ల చుట్టూ తిరిగి ముందుకొచ్చి, బండి నడిపే నాబ్ తనే తిప్పుతారు. ఊపింది ఎవరికి? చూసింది ఎవరు? నవ్వొచ్చి మాస్టరుగారి వైపు చూస్తే ఆయన తల వంచుకుని రిజిస్టరులో ఏదో రాసుకుంటున్నారు.

ఎందుకు అన్నయ్యా ఆ పది నిమిషాలు?

చెల్లెలు


బాల్కనీనుంచి
ఆగస్టు 20

పిడుగమ్మకి,

క్రేను బండి ఏ రంగు వేశారో రాయలేదు. పసుపు వెయ్యండి, దూరంనుంచి కనిపిస్తుంది.

కొండ దిగేటప్పుడు వెనక బరువు తోసుకొచ్చి ఇంజను గెంతుతూ ఉండాలే, అవునా? దిగడం మొదలెట్టే ముందే వేగం సరిచేసుకుని, ఆ తరవాత నాబ్ మీద చెయ్యి కదపకూడదు. భయపడి కాసేపు తగ్గించి కాసేపు పెంచారా, పద్నాలుగు వ్యాగన్లూ ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. ఎక్కడం ఎవడైనా ఎక్కిస్తాడు. దించడంలోనే డ్రైవరు పనితనం తెలుస్తుంది.

మీ వదిన మోకాళ్ళు ఫరవాలేదు. కింది అంతస్తాయన కొత్త కుక్కని తెచ్చాడు. అది మొరుగుతుందని అందరూ అంటున్నారు, నాకైతే చాలా నెమ్మదైన కుక్కలాగే ఉంది.

ఆ పై స్టేషను తీసెయ్యమను. ఇంత గదిలో రెండు స్టేషన్లు ఎందుకు, చోటు దండగ. గనినుంచి నేరుగా దిగిపోతే చూడ్డానికీ బాగుంటుంది.

అన్నయ్య


వంటింటి బల్ల దగ్గర్నుంచి
సెప్టెంబరు 11

అన్నయ్యా,

నేను పది నిమిషాల గురించి అడిగితే నువ్వు కుక్క గురించి రాశావు.

సరే, నీ సలహా అలాగే చెప్పాను. "పై స్టేషను తీసేస్తే బాగుంటుందట" అన్నాను. ఎవరన్నారో చెప్పలేదు. ఆయన చేతిలో బ్రష్షు ఉంది, చెట్లకి రంగు వేస్తున్నారు. దాన్ని కడిగి, ఆరబెట్టి, అప్పుడు అన్నారు: "స్టేషను ఎందుకుందో మీ అన్నయ్యని అడుగు."

పన్నెండేళ్ళ తరవాత ఈ ఇంట్లో నీ మాట ఆయన నోట రావడం ఇదే మొదలు.

ఆ తరవాత బండి నడపడం మానేశారు. రెండు ఆదివారాలయింది. మాస్టరుగారు రిజిస్టరు చంకన పెట్టుకుని వచ్చి, టీ తాగి, వెళ్ళిపోతున్నారు. "ఎందుకు నడపరు?" అని అడిగితే, "ఇద్దరు చేసే పని ఒక్కణ్ణి చేస్తున్నాను. డ్రైవరు లేని బండికి గార్డెందుకు?" అన్నారు. మళ్ళీ ఆ కుర్చీ, మళ్ళీ ఆ పేపరు. నాకు భయంగా ఉంది. కిందటేడు ఆ కుర్చీలో ఆ మనిషిని చూసి చూసి నేనెంత దిగులుపడ్డానో నీకు రాయలేదు. ఆ కొండ ఆయన్ని లేపి నిలబెట్టింది. అది కూలిపోతే మళ్ళీ లేపడం నావల్ల కాదు.

నువ్వూ ఆయనా నా దగ్గర ఏదో దాస్తున్నారు. నేను పళ్ళ అచ్చులు చూసే మనిషిని. నోరు తెరవకపోయినా ఎక్కడ పుచ్చిందో నాకు తెలుస్తుంది. ఆయన చెప్పరు. నువ్వు చెప్పు.

చెల్లెలు


బాల్కనీనుంచి
సెప్టెంబరు 19

చెల్లికి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

ఆ రోజు నీకు గుర్తుండే ఉంటుంది. మర్నాడు పొద్దున్నే నీకు ఆపరేషను. గడ్డ ఎలాంటిదో కోసి చూస్తేగానీ చెప్పలేమన్నారు డాక్టరుగారు. సాయంత్రం ఆరు దాటితే ఆసుపత్రిలోకి ఎవర్నీ రానివ్వరు. మా ఇద్దరికీ సెలవు దొరకలేదు. ఒకే బండి మీద ఉన్నాం, నేను ముందు, మీ ఆయన వెనక. బండి దిగగానే ఇద్దరం పరిగెత్తుకు రావాలనుకున్నాం.

బొగ్గు నింపుకుని కొండ దిగే ముందు పై స్టేషనులో ఆగి తీరాలి. బ్రేకులు పనిచేసేది గాలితో. అది ఇంజనునుంచి చివరి పెట్టెదాకా గొట్టంలో నిండాలి. అందుకే పది నిమిషాలు. చివరి పెట్టెలో గాలి కొలిచే ముల్లు పైకి లేచిందని గార్డు చూసుకుని, పచ్చజెండా ఊపితేనే డ్రైవరు కదలాలి. అంతకు ముందే గార్డు యాభై వ్యాగన్లు దాటి నడిచి ముందుకొచ్చి, ఇద్దరూ కాగితం మీద సంతకాలు పెట్టాలి.

మేం బావామరుదులం కదా. నీ మొగుణ్ణి ఎండలో అంత దూరం నడిపించడం ఎందుకని, పొద్దున బండి ఎక్కేటప్పుడే సంతకం పెట్టించుకుని కాగితం నా దగ్గర ఉంచుకునేవాణ్ణి. టైము నేను నింపేవాణ్ణి. ఇంకే గార్డూ ఇంకే డ్రైవరుకీ అలా ఇవ్వడు. ఆయన నాకు ఇచ్చాడు, ఏళ్ళతరబడి.

ఆ రోజు పైకి చేరేసరికే ఆలస్యమైంది. పది నిమిషాలూ ఆగితే కింద ప్యాసింజరు అడ్డం వస్తుంది, రెండు గంటలు పక్క లైనులో పడి ఉండాలి, నిన్ను చూడడం కుదరదు. మూడు నిమిషాలు ఆగాను. కాగితంలో పది అని రాశాను. వెనక్కి తిరిగి చూశాను. జెండా లేదు. కదిలించాను.

రెండు మైళ్ళు దిగేసరికి బ్రేకు పట్టడంలేదు. పైనుంచి ఏ చెయ్యీ రాలేదని నీకు రాశాను కదూ. వెనకనుంచి ఒక చెయ్యి పనిచేస్తూనే ఉంది. చివరి పెట్టెలో చేతి బ్రేకు చక్రం ఉంటుంది. మీ ఆయన దాన్ని కిందిదాకా తిప్పుతూనే ఉన్నాడు. ఆయన భుజం పోయింది అందుకు, నీకు చెప్పినట్టు మెట్టుమీదనుంచి జారిపడి కాదు. ఆ కాస్త వేగం తగ్గబట్టే పాయింట్లాయన మమ్మల్ని ఇసక దారిలోకి మళ్ళించగలిగాడు. ఆరు వ్యాగన్లు పడ్డాయి. మనుషులెవరికీ ఏమీ కాలేదు.

విచారణలో అడిగారు, "జెండా చూశావా?" అని. చూశాను అన్నాను. ఒక్క మాట. మీ ఆయన ఎదురు బెంచీ మీద, చేతికి కట్టు కట్టుకుని కూర్చున్నాడు. నావైపు చూశాడు. తరవాత ఆయన్ని అడిగారు, "జెండా ఊపావా?" అని. కాస్త ఆలస్యంగా, "ఊపాను" అన్నాడు. సంతకం ఆయనదే, జెండా ఆయనదే. గాలి నిండకుండానే ఊపాడని తప్పు ఆయనదైపోయింది.

బయటికొచ్చాక వరండాలో నాతో అన్నాడు: "తనకి చెప్పకు. తన ఆపరేషను వల్లే ఇదంతా అయిందనుకుంటుంది." ఆయన నాతో ఆడిన చివరి మాట అదే. నేను దాన్ని గట్టిగా పట్టుకున్నాను, నాకు వీలుగా ఉంది కనక. నీ కోసమే తొందరపడ్డానని నాకు నేను చెప్పుకున్నాను. తొందరపడింది నీ కోసమే. అబద్ధం చెప్పింది మాత్రం నీ కోసం కాదు చెల్లీ, ఇంజను నా చేతిలోంచి లాగేసుకుంటారని భయపడి.

ఆయనకి మొహం చూపించలేక రావడం మానేశాను. నువ్వు దాన్ని కోపం అనుకున్నావు. అనుకోనిచ్చాను.

అన్నయ్య


బాల్కనీనుంచి
అక్టోబరు 30

చెల్లికి,

నలభై రోజులయింది. తిట్టు, పడతాను. ఏదో ఒకటి రాయి. పోస్టు వేళకి మెట్ల దగ్గర నిలబడుతున్నానని మీ వదిన విసుక్కుంటోంది. తనకి కూడా అంతా చెప్పాను. అప్పటినుంచి నాతో సరిగ్గా మాట్లాడడంలేదు.

అన్నయ్య


వంటింటి బల్ల దగ్గర్నుంచి
నవంబరు 6

అన్నయ్యా,

రాయలేదు, ఎందుకంటే రాస్తే ఏం రాస్తానో అని భయం వేసింది.

నాకు ముందు నీ మీద కోపం వచ్చింది. తరవాత ఆయన మీద. ఇద్దరూ కలిసి నన్ను దూదిలో పెట్టి దాచారు. ఆ సాయంత్రం మీరిద్దరూ రాలేదు, తెలుసా? వదిన చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళాను. బతికాను. గడ్డ మంచిదే అన్నారు. ఎవరూ రాకపోయినా బతికేదాన్నే. మరి నన్నెందుకు అంత చిన్నపిల్లని చేశారు? రిటైరయ్యేదాకా ఆ మనిషి పార్సిళ్ళ మీద ముద్రలు కొట్టి ఇంటికొచ్చి, భుజానికి కాపడం పెట్టించుకుంటుంటే, "చూసుకుని మెట్లెక్కలేకపోయారా" అని నేనే దెప్పాను అన్నయ్యా. ఎన్నిసార్లు దెప్పానో! ఆ మాటలు ఇప్పుడు ఎక్కడికి పోయి వెనక్కి తెచ్చుకోను?

నీ ఉత్తరం తీసుకెళ్ళి పైగదిలో, పై స్టేషను ప్లాట్‌ఫారం మీద పెట్టాను. రెండు రోజులు అలాగే ఉంది. మూడో రోజు మధ్యాహ్నం నేను లాబునుంచి వచ్చేసరికి విప్పి ఉంది. ఆయన కిందికొచ్చి, మంచినీళ్ళు తాగి, ఒక్క ముక్క అన్నారు.

"మూడు కాదు. నాలుగు నిమిషాలు. నేను వాచీ చూశాను."

నేను భోరున ఏడ్చేశాను. నిజం తెలిసిన పన్నెండేళ్ళూ ఈయన నీకు ఒక్క నిమిషం కూడా తక్కువ లెక్క కట్టలేదు.

నాకు చెప్పావు, బాగానే ఉంది. నాకు చెప్పడం సులువు, చెల్లెల్ని, ఏడ్చి ఊరుకుంటాను. నువ్వు చెప్పాల్సింది నాకు కాదు.

చెల్లెలు


బాల్కనీనుంచి
డిసెంబరు 14

చెల్లికి,

నీ మాట నిజం. అందుకని విచారణ జరిగిన ఆఫీసుకే వెళ్ళాను. జరిగింది జరిగినట్టు రెండు పేజీలు రాసి, సంతకం పెట్టి పట్టుకెళ్ళాను. పంపించేసి చేతులు దులుపుకోకూడదని నేనే వెళ్ళాను. నాలుగు నిమిషాలు అనే రాశాను.

అక్కడున్న గుమాస్తా మంచివాడే. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. నాకు వినపడదని తెలిసి కాగితం మీద రాసి చూపించాడు. పదేళ్ళు దాటిన విచారణ కాగితాలు ఉంచరట, ఆ ఫైలు చింపేసి రెండేళ్ళయింది. "ఇద్దరూ రిటైరైపోయారు కదండీ, ఇప్పుడు ఏది దిద్దమంటారు?" అని రాశాడు. నా రెండు పేజీలు తీసుకున్నాడు గానీ, వాటిని ఏ ఫైలులో పెట్టాలో తెలియక అటూ ఇటూ చూసి, చివరికి బల్లమీద గాజుపలక కింద పెట్టాడు.

తప్పు ఒప్పుకుందామని వెళితే ఒప్పుకోవడానికి చోటు లేదు. దాన్ని తీసుకోగలిగిన మనిషి లోకంలో ఒక్కడే మిగిలాడు, ఆయన మీ ఇంట్లో ఉన్నాడు. వస్తే గుమ్మంలోకి రానిస్తాడా? నువ్వే అడుగు. కాదంటే కాదని రాయి, తప్పు పట్టుకోను.

అన్నయ్య


వంటింటి బల్ల దగ్గర్నుంచి
డిసెంబరు 28

అన్నయ్యకి,

నీ ఉత్తరం పైకి చదివి వినిపించాను, మాస్టరుగారూ పాయింట్లాయనా ఉండగానే. ఆయన వద్దని చెయ్యి ఎత్తారు. నేను ఆగలేదు. ఇన్నాళ్ళూ ఊరుకున్నాను చాలు.

గాజుపలక దగ్గరికి వచ్చేసరికి మాస్టరుగారు కళ్ళు తుడుచుకున్నారు. "ఆ బండి నా స్టేషనులో నాలుగు నిమిషాలే ఆగింది. నా రిజిస్టరులో ఉంది. జెండా లేకుండా కదలడం నేను కిటికీలోంచి చూశాను. కానీ ఊపానని గార్డే చెప్పాక నేనేం అనను?" అన్నారు. పాయింట్లాయన తన కుర్చీ మీ బావగారి దగ్గరికి జరుపుకున్నాడు. ఆ ఇద్దరికీ మొదట్నుంచీ తెలుసు. ఆ పది నిమిషాలూ ఎవరూ ఎందుకు మాట్లాడేవారు కాదో నాకు అప్పుడు అర్థమైంది.

వాళ్ళు వెళ్ళాక ఆయన అలమర అడుగున వెతికి ఒక పాత పుస్తకం తీశారు. మీరిద్దరూ సంతకాలు పెట్టే ఆ కాగితాల పుస్తకం. ఇన్నేళ్ళూ దాచుకున్నారు. ఒకటి చింపి, నింపి, నా చేతికిచ్చి, "ఉత్తరంలో పెట్టు" అన్నారు. ఇదుగో, పెట్టాను.

నేను నిన్ను ఇంకా పూర్తిగా క్షమించలేదు. వచ్చాక తిడతాను, గట్టిగా, నీకు వినపడేలాగా. వదినని కూడా తీసుకురా.

చెల్లెలు


(జత చేసిన కాగితం)

బండి: గూడ్సు, దిగువకి
వ్యాగన్లు: పద్నాలుగు, బొగ్గు
రోజు: జనవరి రెండో ఆదివారం
పై స్టేషను చేరే వేళ: మధ్యాహ్నం 3.50
ఆగవలసిన సమయం: పది నిమిషాలు
ఆగిన సమయం:
డ్రైవరు సంతకం:
గార్డు సంతకం:

డ్రైవరుగారికి: ఈసారి ముందుగా సంతకం చెయ్యలేదు. ఆగాక ముందుకి నడిచొచ్చి చేస్తాను. బల్ల పొడవు ఎంతని, నాలుగడుగులే.

గార్డు


బాల్కనీనుంచి
జనవరి 4

బావా,

కాగితం అందింది. జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను, నలగకుండా మా ఆవిడ అట్టముక్క పెట్టి ఇచ్చింది.

శనివారం బండికి బయల్దేరుతున్నాం. మాస్టరుగారినీ పాయింట్లాయన్నీ తప్పకుండా రమ్మను. ఆ రోజు విచారణలో నేను చెప్పిన అబద్ధం వాళ్ళూ విన్నారు. నిజం కూడా వాళ్ళ ముందే, నా నోటితో నేనే చెబుతాను. ఆ తరవాత నాబ్ నా చేతికి ఇవ్వాలనిపిస్తేనే ఇవ్వు.

ఒక్క మనవి. నాకు చెవులు లేవు, కళ్ళు కూడా మునుపటిలా ఆనడంలేదు. అగ్గిపుల్ల జెండా నాకు కనిపించదు. కాస్త పెద్ద గుడ్డ కట్టు, నీ భుజం నొప్పి పెట్టకుండా ఎడమ చేత్తోనే ఊపు. పది నిమిషాలు కాదు, గంట పట్టినా సరే, అది కనిపించేదాకా నేను కదలను.

డ్రైవరు